పేలకుండా మిగిలిన ఇరవై రెండోది

దేవ్‌సింగ్ కుడిచేతికి రెండు గోళ్లు లేవు.

తెల్లబండ ఔట్‌పోస్టు లాకప్‌లో, ఊచల అవతల గోడకి ఆనుకుని కూర్చున్నాడతను. చంద్రి ముందు ఆ చేతిని చూసింది, ఆ తర్వాతే మొహం. ఎడమ కన్ను ఉబ్బి పూర్తిగా మూసుకుపోయింది. కింది పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీద ఎండిపోయింది. గోడ గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"అయిదు నిమిషాలు," అన్నాడు వెనకనుంచి ఇన్‌స్పెక్టర్ యుగేందర్. "నిన్న ఆరున్నరకు పట్టుకున్నం. ఇయ్యాల ఆరున్నరకు మేజిస్ట్రేట్ ముందల పెట్టాలె. గా లోపల జయపాల్ను చంపింది నేనేనని వాడే ఒప్పుకుంటడు."

"ఒప్పుకోకుంటె సార్?"

"నీకు తెల్వదా చంద్రీ? నా చెయ్యి కింద పనిజేసినదానివే కద."

పనిచేసింది. ఎనిమిదేళ్ల కిందట మహబూబాబాద్‌లో ఆయన కింద హెడ్ కానిస్టేబుల్. ఒకరోజు లాఠీ బల్ల మీద పెట్టేసి వచ్చి, జనగామలో రెండు గదులు అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఎక్కువగా పెళ్లి సంబంధాల విచారణలే. ఇవాళ తెల్లవారి మొదటి బస్సుకి, మహబూబాబాద్ పక్కన ఆమె పుట్టిన తండా నుంచే గోరీ వచ్చి తలుపు కొట్టింది. భూపాలపల్లిలో జయపాల్ ఇంట్లో పనిచేసే దేవ్‌సింగ్ భార్య. "నా మొగణ్ని చంపుతరక్కా," అన్న ఒక్క మాట తప్ప ఏమీ అడగలేదు.

చంద్రి ఊచల దగ్గర గొంతుక్కూర్చుంది. "దేవ్, ఏడ్వకు. టైములు చెప్పు. జయపాల్ ఇంట్లకెల్లి ఎప్పుడు బయటికి పోయినవ్?"

"ఒంటిగంటన్నరకు. ఘనపూర్ పోయి బ్యాటరీ తెమ్మన్నడు అన్న. కొన్నప్పుడు రెండు అయిదు. బిల్లు మీద రాసున్నది. తిరిగొచ్చేసరికి రెండు ముప్పై అయిదు."

"బిల్లేది?"

దేవ్‌సింగ్ తెరుచుకున్న ఒక్క కన్నుతో యుగేందర్ బూట్ల వంక చూశాడు. బిల్లు ఎవరు మాయం చేశారో చంద్రికి తెలిసిపోయింది.

"పోయేసరికి పానం ఉండెనా?"

"ఉండె. టేబుల్ కింద బోర్ల పడి ఉన్నడు. తలకాయ ఎనకంత..." గోళ్లు లేని చేత్తో తన తల వెనక తాకి చూపించాడు. "కెమెరా పెట్టె ప్లగ్గు పీకి చేతిల గట్టిగ పట్టుకున్నడు. నేను ఒళ్లెకు తీసుకున్న. 'పెట్టకు' అన్నడు. 'నాయిన పెడ్తడు' అన్నడు. ఇంకో మాట లేదక్కా."

ఆ మాటలు రెండూ చంద్రి మనసులో రాసుకుంది. ఊచల ఇవతల మూల పైన, లాకప్ వైపు తిరిగి కెమెరా ఉంది. దాని కింద నిచ్చెన వేసుకుని నీలం చొక్కా మనిషి ఒకడు అద్దం తుడుస్తున్నాడు. నడుముకి వేలాడే తాళాల గుత్తిలో పచ్చటి ఇత్తడి బిళ్ల ఒకటి మెరిసింది. ఆమె చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"సర్వీసోడు," అన్నాడు యుగేందర్, అడక్కుండానే.

దేవ్‌సింగ్ గొంతు తగ్గించి తండా మాటలో అన్నాడు. ఆ కెమెరా చూస్తున్నంతసేపు ఇక్కడ ఎవరూ కొట్టరు, కొట్టేదంతా వెనక గదిలోనే, ఈ గదిలోంచి నన్ను కదలనివ్వొద్దని చెప్పు.

"ఏం గుసగుసలు?" నీలం చొక్కావాడి గుడ్డ అప్పుడే కెమెరా అద్దాన్ని కప్పింది. యుగేందర్ లాఠీ ఊచల సందులోంచి దూసుకుపోయి దేవ్‌సింగ్ మోకాలి చిప్ప మీద పడింది. ఎముక చప్పుడు చంద్రి పళ్లకి తగిలింది. ఆ మనిషి అరవలేదు, అరిచే ఓపిక అయిపోయింది.

బయట గేటు దగ్గర గోరీ నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటినుంచీ లోపలికి పోనివ్వని అన్నం.

"ఈడికెల్లి కదలకు. ఫోను చేతిలనే పట్టుకో," అంది చంద్రి.

*

భూపాలపల్లిలో జయపాల్ ఇల్లు చేరేసరికి అయిదయింది. జీపులో వెనకే వచ్చాడు యుగేందర్. తాను లేకుండా ఆ గడప దాటనివ్వనన్నాడు.

బొగ్గుబాయి క్వార్టర్ల వరస చివర రెండు గదులు, ఒక వంటిల్లు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో జయపాల్ తండ్రి పోశాలు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు బాయిలో మందుగుండు పేల్చిన షాట్‌ఫైరర్. ఆ ఊపిరితిత్తుల్లో ఇప్పుడు గాలి కన్నా దుమ్మే ఎక్కువ. నిన్న మధ్యాహ్నం దవాఖానకి పోయి మూడింటికి తిరిగొచ్చి, ముప్పై నాలుగేళ్ల కొడుకుని నెత్తురు మడుగులో చూశాడు.

ముందు గదిలో నేల కడగలేదు. టేబుల్ అంచు దగ్గర మొదటి దెబ్బ పడినట్టుంది. కంప్యూటర్ తెర మీద చుక్కలు సన్నంగా, వరసగా చిమ్మి ఉన్నాయి. రెండో దెబ్బకి కర్ర పైకి లేచినప్పుడు నెత్తురు సున్నం కొట్టిన పైకప్పుని గీరింది. మూడోది పడిపోయాక కొట్టింది. నేల మీద గచ్చు పగిలి అక్కడ వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. ఆ గుంట నుంచి టేబుల్ కిందకి, గోడ దగ్గరి స్విచ్చుబోర్డు దాకా, అరచేతితో పాకిన జాడ. మూడడుగులు. పగిలిన తలతో అన్ని అడుగులు పాకి ఆ మనిషి తలుపు వైపు కాదు, ప్లగ్గు వైపు పోయాడు.

"కర్ర మీద దేవ్‌సింగ్ వేలిముద్రలు," అన్నాడు యుగేందర్. "బాయిల రంధ్రాలల్ల మందు కూరే కర్ర. ముసలాయనదే."

"నిన్న పొద్దుగాల వాడే దానితోని బూజు దులిపిండు సారూ," అన్నాడు పోశాలు గుమ్మంలోంచి. "నేనే దులపమన్న."

"నిన్నెవడు అడిగిండు?"

చంద్రి వంటింటి తూములోకి చూసింది. రెండు టీ గ్లాసులు. వచ్చినవాడికి జయపాల్ టీ పెట్టి ఇచ్చాడన్నమాట. పక్కింటి బుచ్చవ్వ పోలీసుల కోసం ఫ్లాస్కులో చాయ్ తెచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. దేవ్‌సింగ్ నెత్తుటి చొక్కాతో ఉరికాడని సాక్ష్యం చెప్పింది ఈమే.

"అవ్వా, దేవ్ ఉరికింది ఎన్నింటికి?"

"రెండు నలభై బిడ్డా. ఉరుకుడంటె పారిపోవుడు గాదు. 'రాండ్రి, రాండ్రి, అన్నను కొట్టిన్రు' అని మొత్తుకుంట మా వాకిట్లకే ఉరికొచ్చిండు."

"దానికి ముందు ఎవరన్న వచ్చిన్రా?"

"తెల్లకారొకటి ఆగింది. రెండు గంటల సీరియల్ల మొదటిసారి యాడ్లు వడ్డప్పుడు. నీళ్లకోసం లేసిన, అందుకే యాది."

సీరియల్ మొదలైన ఆరేడు నిమిషాలకి మొదటి ప్రకటనలు. రెండూ ఏడు, కాస్త అటూ ఇటుగా.

"ఇది సారుకు చెప్పినవా?"

"చెప్పిన. రాసుకోలే."

యుగేందర్ నవ్వాడు. "ముసల్దాని సీరియల్‌ను కోర్టుకు తీస్కపోదమా చంద్రీ? ఇంటి కెమెరా ఉండె. రెండూ పదికి దాని డిస్కు కరాబైంది. యంత్రం చెడిపోయింది, మన నసీబు." చేతిలో ఉన్న సీలు కవరు టేబుల్ మీద పడేశాడు. "ఇగో ఆ డిస్కు. పనికిరానిది."

"అది చెడిపోలేదు సార్."

ఇవాళ పొద్దున జనగామలో చంద్రి గంటన్నర గడిపింది ఆ మాట నేర్చుకోవడానికే. జయపాల్, అతని భాగస్వామి శ్యాం కలిసి కెమెరా పెట్టెలు తయారుచేస్తారు. ఆఫీసు జనగామలో, పరీక్షలు ఇక్కడ జయపాల్ ఇంట్లో. చంద్రి పోయేసరికి శ్యాం ఆఫీసులో లేడు. నిన్న పదకొండున్నరకి తెల్లకారులో బయల్దేరినవాడు మళ్లీ రాలేదని చెప్పింది అక్కడ పనిచేసే అనిత. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతోనే జయపాల్ చేసే పని గురించి వివరించింది.

"పెట్టెకు డిస్కుకు నడుమ డ్రైవర్ అని ఒక ప్రోగ్రాం ఉంటదక్కా. కెమెరా బొమ్మను డిస్కు మీద రాయించేది అదే. డిస్కు మొండికేస్తే ఆ డ్రైవర్ ఏంజేస్తదో ముందుగాల తెల్వాలె. నిజంగ కరాబయ్యేదాక కూసుంటమా? అందుకే మంచి డిస్కు ఉన్నప్పుడే 'రాయలేకపోయిన' అని అబద్ధం జవాబు పంపిస్తం. ఫాల్ట్ ఇంజెక్షన్ అంటరు. వంటమనిషి తెలివి చూడాలంటే ఉప్పుడబ్బ దాచిపెట్టి చూసినట్టు."

ఆ అబద్ధాన్ని పెట్టే మీట తయారుచేసినవాడు జయపాల్. దానికి అతని కట్టుబాట్లు గట్టివి. ఏ పెట్టెకి, ఎన్ని తప్పులు అని ముందే చెప్పాలి. లెక్క లేకుండా ఒక్కటి కూడా పెట్టనివ్వదు. పెట్టే మనిషి తన నంబరున్న బిళ్ల గుచ్చాలి. కరెంటు పోయినా లెక్క చెరిగిపోకూడదు. తప్పు పెట్టిన సంగతి, ఆ చెడగొట్టే డిస్కు మీద కాకుండా వేరే చోట నమోదవాలి. మాటలు కూడా తండ్రి బాయివే, తప్పులు పెట్టడం అంటే నింపడం, ఒక్కో నిమిషం చెడిందంటే ఒకటి పేలినట్టు. నమోదు ఎక్కడ అని అడిగితే అనితకి తెలియదు. "ఇంట్లనే ఏడనో పెట్టుకున్నడు," అంది.

"అమ్మేముందు పెట్టెలల్లకెల్లి ఆ మీట తీసెయ్యాలని జయపాలన్న, ఉండనియ్యాలని శ్యాం సారు. నెలరోజుల సంది ఇదే కొట్లాట," అని కూడా అంది. డిస్కు మీద పడే ప్రతి నిమిషం ముక్కా తన ఫోనుకి వస్తుందంటూ నిన్నటివి చూపించింది, ఆ ఫోను ముందే కూర్చోమని చెప్పి వచ్చింది చంద్రి.

చంద్రి యుగేందర్‌కి ఎదురుగా నిలబడింది. "నిజంగ చచ్చిపోయే డిస్కు ఆడింత ఈడింత తింటది సార్. ఇది రెండూ పది నుంచి వరసగ ఇరవై ఒక్క ముక్కలు తిన్నది. నిమిషానికో ముక్క. దానికి ముందు ఒక్క మచ్చ లేదు. రెండూ ముప్పై ఒకటికి పెట్టె మొత్తం ఆగిందని జనగామల ఫోనుకు తెలిసింది. అంటె జయపాల్ ప్లగ్గు పీకింది అప్పుడే. దేవ్‌సింగ్ ఇంకా తొవ్వలనే ఉన్నడు."

"కథ బాగుంది. కాయితమేది?"

కాగితం ఎక్కడుందో ఆమెకీ తెలియదు. పోశాలు వైపు తిరిగింది. "బాపూ, మీ కొడుకు పనిజేస్తుంటె ఇంట్ల ఇంకేమన్న మిషన్ చప్పుడు చేసేదా?"

"వంటింట్ల చేస్తదిగ," అన్నాడు ముసలాయన, అదేం ప్రశ్న అన్నట్టు. "వాని అవ్వ పోయినంక వంట వాడే కద. కూర కలుపుకుంట చూసుకోనీకి బియ్యం డబ్బ మీద పెట్టుకున్నడు."

బియ్యం డబ్బా మీద కిరాణా కొట్లో ఉండే బిల్లు మిషను. పక్కన గోడకి కొక్కెం తీగ, దానికి గుచ్చిన చీటీలు. పాలవాడివి, గ్యాసువి, వాటి మధ్యలో ఇవీ. నిన్న వచ్చిన పోలీసులు ఇల్లంతా కుళ్లగించారుగాని కిరాణా బిల్లుల జోలికి ఎవరు పోతారు?

"చీటీ రాంగనే తెంపి గుచ్చాలె అని చెప్పిండు నాకు," అన్నాడు పోశాలు. "పొద్దుగాల ఇది వేలాడుతుండె. తెంపి గుచ్చిన. కొడుకు లేడని చీటీ వదిలేస్తమా?"

చంద్రి మీది చీటీ తీసింది. తారీకు నిన్నటిది. సమయం రెండూ తొమ్మిది. ఇల్లు. నింపినవి ఇరవై రెండు. బిళ్ల నంబరు రెండు. దాని కింద, పేలిన ఒక్కో తప్పుకీ ఒక్కో గీత. ఆమె వేలితో లెక్కపెట్టింది. ఇరవై ఒకటి.

కొక్కెం కింది వరసలో ఇంకో చీటీ మీద ఆమె కన్ను ఆగింది. నిరుడు మార్చి పధ్నాలుగు. తెల్లబండ. నింపినవి నలభై. పేలినవి నలభై. బిళ్ల రెండు. చంద్రి దాన్ని తీగలోంచి తీసింది. ఆ తారీకు ఆమె తండాలో అందరికీ తెలుసు. కోళ్ల దొంగతనం అని తీసుకుపోయిన తుల్సీరాం అదే లాకప్‌లో ఉరేసుకున్నాడన్నారు. కెమెరా అప్పుడే చెడిపోయిందన్నారు. శవాన్ని కడిగిన ఆడవాళ్లు మాత్రం విరిగిన పక్కటెముకలు లెక్కపెట్టుకుని ఏడ్చారు. పరీక్ష కోసం పుట్టిన మీటని ఎవరో అమ్ముకుంటున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. తండ్రి గుచ్చిన ఈ చీటీని జయపాల్ ఈమధ్యే చూసి ఉంటాడు. శ్యాంని పిలిచి టీ పెట్టి అడిగాడు.

ఆ పాత చీటీ ఆమె కొంగు మడతలోకి పోయింది. నిన్నటి చీటీ దాచేలోపే యుగేందర్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందది? ఇటియ్యి."

ఇవ్వక తప్పలేదు. ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. పొయ్యి గట్టు మీద పరిచి, బుచ్చవ్వ పోసిన పొగలుగక్కే చాయ్ గ్లాసు తెచ్చి సరిగ్గా దాని నడిమధ్య పెట్టాడు.

"సార్!"

"జర చాయ్ తాగనియ్యవా?"

గ్లాసు లాగేసేసరికి చీటీ మీద అరచేతంత నల్లటి గుండ్రం. వేడి తగిలితే నల్లబడే కాగితం అది. అంకెలు, గీతలు, బిళ్ల నంబరు అన్నీ ఆ నలుపులో కలిసిపోయాయి. చెయ్యి జారి జరిగిన పని కాదు. గట్టంతా ఖాళీగా ఉంది.

"బిళ్ల నంబరు రెండు అని నేను చదివిన. అది శ్యాందే కద బాపూ?"

పోశాలు మెడలోంచి నల్లదారం లాగాడు. దారానికి ఇత్తడి బిళ్ల. బాయిలోకి దిగేవాళ్లు పైన అప్పజెప్పే బిళ్లలాంటిదే, వెనక చిన్న చిప్పు అతికించి ఉంది. "ఇది వానిది. ఒకటో నంబరు. రెండోది శ్యాందే. మూడోది లేదు. నా పాత బిళ్లలే అడిగి తీసుకున్నడు."

పచ్చటి ఇత్తడి బిళ్ల. చంద్రి కళ్లముందు నిచ్చెన, నీలం చొక్కా, తాళాల గుత్తి మెరిశాయి.

"శ్యాం నిన్న జనగామలనే ఉన్నడు," అన్నాడు యుగేందర్. "నేను అడిగిన. ఇయ్యాల గూడ ఆడనే ఉన్నడు. నీకు కావల్సిన కాయితం నల్లగైంది. ఇగ ఇంటికి పో." వాచీ చూసుకున్నాడు. అయిదూ యాభై. ఫోను తీసుకుని పెరట్లోకి పోయాడు. "చాయ్ తాగి రాపో కృష్ణా" అన్న ఒక్క ముక్క గోడ దాటి వినిపించింది.

కృష్ణ ఎవరో చంద్రికి తెలుసు. లాకప్ తాళాలు నడుముకి కట్టుకున్న కాపలా కానిస్టేబుల్.

"బాపూ," అంది గబగబా, "పేలకుండ ఒకటి మిగిలింది. ఇరవై రెండు నింపిండు, ఇరవై ఒకటే పేలినయ్. బాయిల ఒకటి మిగిలితే ఏం చేస్తరు?"

ముసలాయన కళ్లు ఒక్కసారి వెలిగాయి, వెంటనే నీళ్లతో నిండాయి. "అది యాడున్నదో దొరికేదాక ఎవ్వన్ని లోపలికి పోనియ్యం. దాన్ని పేల్చినంకనే లెక్క రాసి దస్తకత్ పెడ్తం. వానికి చిన్నప్పుడు రోజు చెప్పేది." ఆగాడు. "మొత్తం లెక్క ఆఖరుదానికే వస్తది బిడ్డా. కింద మల్ల పూరా ప్రింటైతది, ఎవరు నింపిన్రు, ఎప్పుడు నింపిన్రు..."

కొడుకు తలుపు వైపు ఎందుకు పాకలేదో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ ఒక్కటి పేలకుండా ఆపి, తండ్రి కోసం దాచిపెట్టి పోయాడు. నాయిన పెడ్తడు.

చంద్రి సీలు కవరు పళ్లతో చింపింది. లైసెన్సు పోతుందని తెలుసు. డిస్కుని పెట్టె గాడిలోకి తోసింది. పోశాలు మోకాళ్ల మీద కూలబడి, కొడుకు నెత్తురు ఎండిన ప్లగ్గు అందుకున్నాడు. బాయిలో ముప్పై ఏళ్లు అరిచిన అరుపే మూడుసార్లు అరిచాడు. "ఖబర్దార్! ఖబర్దార్! ఖబర్దార్!"

ప్లగ్గు పెట్టాడు.

గుమ్మం పైన కెమెరా కింద ఎర్రదీపం వెలిగింది. ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు ఏమీ లేదు. అరుపు విని పెరటి గుమ్మంలోంచి యుగేందర్ దూసుకొచ్చాడు. పోశాలు పెట్టెకి అడ్డం పడ్డాడు. బూటు ఆయన పక్కటెముకల్లో దిగింది. ముసలి ఒళ్లు గోడకి కొట్టుకుంది, కణత పగిలి నెత్తురు కంట్లోకి కారింది. అయినా రెండు చేతులూ ప్లగ్గు మీంచి తియ్యలేదు.

వంటింట్లో మిషను కిర్రుమంది.

చంద్రి ఎగిరి చీటీ అందుకుంది. "ఇల్లు. నింపినవి ఇరవై రెండు. పేలినవి ఇరవై రెండు. మిగిలినవి సున్న. నింపిన టైము రెండూ తొమ్మిది. బిళ్ల రెండు. ఇగ దీని మీద ఎన్ని చాయ్ గ్లాసులు పెడ్తవో పెట్టుకో సార్!"

యుగేందర్ అడుగు ముందుకేశాడు. కానీ మిషను ఆగలేదు. మళ్లీ కిర్రుమంది. ఆ చప్పుడుకి ఇద్దరూ తలలు తిప్పారు. కాగితం నెమ్మదిగా బయటికొచ్చింది.

తెల్లబండ. ఈరోజు. సమయం అయిదూ యాభై రెండు. నింపినవి ముప్పై. బిళ్ల రెండు.

దాని కింద మొదటి గీత పడింది.

లాకప్ కెమెరా గుడ్డిదైపోయింది. ముప్పై నిమిషాలు. కాపలావాణ్ని చాయ్‌కి పంపేశారు. దేవ్‌సింగ్ ఎదురుగా ఇప్పుడు రెండో నంబరు బిళ్ల ఉన్న శ్యాం ఒక్కడే.

చంద్రి ఫోను అప్పటికే చెవి దగ్గరుంది. తండా మాటలో అరిచింది. "గోరీ! లోపలికి ఉరుకు! ఎవడడ్డమొచ్చినా ఆగకు! లాకప్ల నీలం అంగి ఏసుకున్నోడు ఉంటడు. చేతికేది దొరికితే దానితోని కొట్టు!"

అవతల పరుగు. చెప్పులు గచ్చు మీద చరుచుకుంటున్న చప్పుడు. ఇనుప తలుపు. రెండో గీత పడింది. గోరీ కేక ఒకటి, ఆ వెంటనే స్టీలు ఎముకని తాకిన మోత. మళ్లీ. మళ్లీ. గిన్నెలు నేలమీద దొర్లాయి. మగగొంతు ఒకటి గుర్రుమని ఆగిపోయింది.

మూడో గీత. ఆ తర్వాత మిషను మూగబోయింది.

"గోరీ! గోరీ!"

ఎగశ్వాస మాత్రం వినిపించింది చాలాసేపు. "అక్కా... తువ్వాలుతోని మెడ బిగిస్తుండె. కొట్టిన. మూతి పలిగింది, పడ్డడు. కెమెరా పెట్టెను గూడ వలగ్గొట్టిన. దేవ్ దగ్గుతుండు అక్కా, దగ్గుతుండు." ఏడుపు తన్నుకొచ్చింది. "తాళం ఎవ్వలు వలగ్గొట్టలేదక్కా. పోలీసుల తాళంచెవితోనే తీసిన్రు."

చంద్రి ఫోను దింపి ముందు గదిలోకి అడుగేసింది. యుగేందర్ చేతిలో పిస్తోలు ఉంది. గొట్టం ఆమె నుదుటికి సూటిగా ఉంది. అతని నుదుటి మీద చెమట.

"ఆ చీటీ ఇటియ్యి. కొంగుల దాచిన పాతది గూడ. ఇచ్చినంక ముగ్గురం కూసోని మాట్లాడుకుందం." బొటనవేలు సేఫ్టీని దింపిన చిన్న చప్పుడు. "ఇయ్యకుంటె... చనిపోయినోని తండ్రికి మతి తప్పింది. కర్ర తీసుకున్నడు. నేను కాల్చిన. నడుమల నువ్వడ్డమొచ్చినవ్. రాసుకొనుడు నాకు కొత్తా చంద్రీ?"

నేలమీద పోశాలు నెత్తురు తుడుచుకుంటూ నవ్వాడు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన బొంగురు నవ్వు. "లెక్క ఒడిసింది సారూ. ఇగ అది గుడ్డిది గాదు."

యుగేందర్‌కి అర్థం కాలేదు. చంద్రికి అర్థమైంది. గుమ్మం మీది ఎర్రదీపం వైపు చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టుకుంది. డిస్కు మీద పడిన ప్రతి నిమిషం ముక్కా, పడిన వెంటనే జనగామకి పోతుంది. పేలాల్సిన ఆఖరిది పేలిపోయింది. ఆ తర్వాతి ముక్కలన్నీ నిక్షేపంగా పడుతున్నాయి.

చేతిలో ఫోను మోగింది. ఆమె వేలు తనంతట తానే స్పీకరు నొక్కింది.

"అక్కా, నేను అనితను. నువ్వు చెప్పినట్టే ఫోను ముందల పెట్టుకొని కూసున్న. ఇంటి కెమెరా బతికింది. నెత్తురుతోని పడివున్న ముసలాయన కనవడుతుండు. ఆఫీసుల అందరం చూస్తున్నం. అక్కా... ఆయన నీ తలకాయకు పెట్టింది పిస్తోలా?"

యుగేందర్ నెమ్మదిగా తలెత్తి గుమ్మం పైకి చూశాడు. ఎర్రదీపం అతని మొహంలోకే చూస్తోంది.

పిస్తోలు మాత్రం దిగలేదు.